ఊడొచ్చే పెట్టె, ఊడిరాని పెట్టె

సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మా అమ్మాయి ఇంటికి ఆదివారం చర్చి అయ్యాక యూనివర్సిటీలో చదివే పిల్లలు నలుగురైదుగురు భోజనానికి వస్తుంటారు. మొన్న అలా కూర్చుని, పార్ట్‌టైమ్ ఉద్యోగాల్లో ఎవరేం వెలగబెట్టారో చెప్పుకుంటున్నారు. ఒకబ్బాయి డీజిల్ కారులో పెట్రోలు పోశాడట. ఒకమ్మాయి పుట్టినరోజు కేకు మీద పక్క కేకువాళ్ళ పేరు రాసి ఇచ్చిందట. "మీరేం చేశారు ఆంటీ?" అని నన్నూ లాగారు.

"గొర్రెల ఫారంలో పనిచేసేటప్పుడు రైఫిల్ మ్యాగజైన్ పోగొట్టాను," అన్నాను.

చెంచాలు ఆగిపోయాయి. "మీరా? రైఫిలా? కమాన్ ఆంటీ!"

మా మనవరాలు ప్లేటులోంచి తల ఎత్తకుండానే, "షి వాజ్ అ టెరిబుల్ షాట్," అంది. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది. నా పరువు తియ్యాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇంగ్లీషే వాడుతుంది.

ఆ పిల్లలు రాయమంటే రాస్తున్నాను. నేను చదివింది పదో తరగతి, అదీ లెక్కల్లో రెండోసారి రాస్తే. కాబట్టి వాక్యాలు అటూ ఇటూ పోతే సర్దుకోండి. జ్ఞాపకం విషయంలో మాత్రం నాకు వంక పెట్టలేరు. మా చుట్టాల్లో ఎవరి పెళ్ళిలో ఏ కూర చెడిందో ఇప్పటికీ చెప్పగలను. అంత జ్ఞాపకం ఉన్నదాన్నని నమ్మే నేను చెడ్డాను. అదే ఈ కథ.

అవి మా ఆయన చదువుకునే రోజులు. బాపట్ల దగ్గరి మా ఊరినుంచి బయల్దేరి, సిడ్నీకి ఐదారు గంటల దూరంలో, గోధుమ చేలూ గొర్రెలూ తప్ప ఏమీ కనబడని చోట ఉన్న యూనికి వచ్చాం. ఆయన గోధుమ తెగులు మీద పీహెచ్‌డీ. మూడేళ్ళన్నారు. మాకు ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, పిల్ల పుట్టి నడిచింది, పీహెచ్‌డీ మాత్రం రాలేదు. నేను ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల ఒక గొర్రెల ఫారంలో వారానికి రెండు రోజులు ఇల్లు తుడవడానికి వెళ్ళేదాన్ని.

ఆ ఫారం ఆసామిని అందరూ బాస్ అనేవారు. భార్య పోయింది. డెబ్బై దాటిన మనిషి, చేతులు చేటలంత. ఒకరోజు నేను కిటికీలు తుడుస్తుంటే బయటినుంచి కేక పెట్టాడు. "మేట్, నీ చెయ్యి చూపించు!" చూపించాను. "సరిపోతుంది, రా," అని తీసుకెళ్ళి, పిల్ల అడ్డం తిరిగి అల్లాడుతున్న గొర్రె దగ్గర మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. ఆయన చెయ్యి పట్టని చోట నా చెయ్యి పట్టింది. పిల్ల బయటికొచ్చి తుమ్మింది. ఆ రోజునుంచి కిటికీలు ఎవరూ తుడవలేదు, నేను రోజూ వెళ్ళే ఫారం పనిమనిషినయ్యాను. నా అర్హత పత్రం నా గాజుల సైజు.

మూడో ఏడు చలికాలం ముందు బాస్ కుడి భుజానికి ఆపరేషన్ అయింది. రైఫిల్ భుజానికి ఆనించకూడదన్నారు. గొర్రెలు ఈనే నెల దగ్గరపడింది. ఆ నెలలో అక్కడ అడవి పందులు పొద్దున్నే మందలో దూరి, అప్పుడే పుట్టిన పిల్లల్ని తినేస్తాయి. వాటిని వేటాడాలి, లేదంటే కనీసం తరమాలి. ఆయన పాత రైఫిల్ నాకు పొడుగు, బరువు. "నీకు సరిపోయేది కొందాం. లైసెన్సుకి చదువు," అన్నాడు.

అలా నేనూ విద్యార్థినినయ్యాను. టౌన్ హాల్లో తుపాకీ భద్రత కోర్సు. మా ఆయన ఒక బల్ల మీద పీహెచ్‌డీ రాస్తుంటే, నేను ఎదురు బల్ల మీద ఆ పుస్తకం పెట్టుకుని, సండే స్కూల్లో వాక్యాలు వల్లించినట్టు వల్లించాను. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు. పుస్తకంలో ఏముందంటే పేజీతో సహా చెప్పేదాన్ని. ఎందుకుందంటే చెప్పలేకపోయేదాన్ని. ఒక్క సంగతి మాత్రం నా మనసుకు బాగా పట్టింది. తుపాకీ ఒకచోట, తూటాలు వేరేచోట తాళం వేసి ఉంచాలి. నాకు నచ్చింది. వస్తువులు విడివిడిగా దాచడం మా ఇంటి ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య.

లైసెన్సు వచ్చాక బాస్ నన్ను ఊళ్ళో తుపాకుల షాపుకి తీసుకెళ్ళాడు. కౌంటర్లో ఉన్నావిడ రెండు రైఫిళ్ళు పరిచింది. రెండూ ఒకే కొలత, ఒకే బరువు. తేడా అల్లా మ్యాగజైన్‌లోనే. మ్యాగజైన్ అంటే తూటాలు వరసగా కూర్చునే చిన్న పెట్టె. ఒకదానికి అది తుపాకీ కడుపులోనే కట్టేసి ఉంటుంది. పైనుంచి ఒక్కో తూటా వేలితో నొక్కి నింపాలి. ఖాళీ చెయ్యాలన్నా ఓపిక కావాలి. రెండోదానికి ఆ పెట్టె కిందనుంచి ఊడొస్తుంది. ఒక మీట నొక్కితే చేతిలో పడుతుంది, మళ్ళీ తోస్తే టక్కున కూర్చుంటుంది.

నాకు వెంటనే ఇల్లు గుర్తొచ్చింది. మొదటిది గోడలో కట్టిన అలమర. రెండోది క్యారేజీ గిన్నె.

"నేను నలభై ఏళ్ళుగా లోపల ఉండేదే వాడాను," అన్నాడు బాస్. "లోపలికి బురద పోదు, ఊగదు, పోగొట్టుకోవడానికి అందులో ఏమీ ఉండదు."

"రోజుకి ఇరవై కంచెలు దాటుతావు కదా లవ్," అంది షాపావిడ నాతో. "దాటిన ప్రతిసారీ ఖాళీ చెయ్యాలి. ఊడొచ్చేదైతే ఒక్క క్షణం. కానీ ఆయనన్నదీ నిజమే. జనం దాన్ని పారేసుకుంటారు."

"నేను వస్తువులు పారేసుకునే మనిషిని కాను బాస్," అన్నాను. అన్నానా? అన్నాను. గడ్డం కూడా కొంచెం పైకెత్తి ఉంటాను.

బాస్ నవ్వి, "తుపాకీ మోసేది నువ్వు. ఎంచుకునేదీ నువ్వే. రేపు చెప్పు," అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పడమే నా పొరపాటు. ఆయనకి ఆ వారం థీసిస్ రాయకుండా ఉండటానికి ఒక కారణం కావాలి. లైబ్రరీకి పోయి, పుస్తకాలు తిరగేసి, ఇటు ఊడొచ్చేది, అటు ఊడిరానిది అని రెండు గడులు గీసి, పదకొండు పాయింట్లు రాసుకొచ్చారు.

"ఏవండీ, ఒక్క ముక్కలో చెప్పండి. ఏది కొనాలి?"

"అట్లా ఒక్క ముక్కలో తేలే విషయం కాదే ఇది. డేటా చూడాలి."

"పంది వచ్చినప్పుడు డేటా చూపిస్తానండి, చదువుకుని పోద్ది."

"కడదాకా చదువు ముందు. అసలైంది చివర్లో ఉంది."

నేను నాలుగో పాయింటు దాకా చదివాను. ఊడొచ్చేది త్వరగా ఖాళీ అవుతుందని అందులో ఉంది. నాకు కావాల్సింది దొరికింది. మర్నాడు ఆ కాగితంలో చపాతీలు చుట్టుకుని పనికి పోయి, ఊడొచ్చేదే కావాలని చెప్పాను.

ఒక నెల నేను రాణిని. రైఫిల్ షెడ్డులో ఇనుప బీరువాలో ఉండేది, తూటాలు వేరే తాళం పెట్టెలో. బీరువా తాళంచెవి ఒకటి బాస్ దగ్గర, ఒకటి నా మెడలో. ఇక మ్యాగజైన్. పుస్తకం ప్రకారం అది రైఫిల్‌తోపాటే బీరువాలో ఉండొచ్చు. కానీ రెండుచోట్ల విడివిడిగా పెట్టడం మంచిదైతే మూడుచోట్ల పెట్టడం ఇంకా మంచిది కదా అని నా సొంత తెలివి. దాన్ని నా కోటు జేబులో ఉంచుకునేదాన్ని. ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఒక శనివారం ఆ కోటుతోనే ఇంటికి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన కూటం. కోటు విప్పుతుంటే మ్యాగజైన్ చేతికి తగిలింది. ఖాళీదే, తూటా ఒక్కటీ లేదు. కానీ చుట్టూ మా పిల్లతో కలిపి నలుగురు చంటివాళ్ళు, సొరుగులన్నీ లాగి పారేస్తున్నారు. వాకిట్లో కార్లు ఆగుతున్నాయి. పొయ్యి మీద చారు పొంగుతోంది. దాన్ని ఎక్కడో భద్రంగా దాచి, చారు దించి, చెయ్యి తుడుచుకుని తలుపు తీశాను. అంతే. ఆ 'ఎక్కడో' అన్నమాట మీరు గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు కాబట్టి.

సోమవారం పొద్దున ఫారంలో బీరువా తెరిచి రైఫిల్ తీశాను. తూటాలు తీసుకున్నాను. కోటు జేబు తడిమాను, బరువుగా తగిలింది. సరే అనుకుని నడిచాను. డ్యాము అనే నీళ్ళ కుంట పక్క ప్యాడక్‌లో, అంటే కంచె వేసిన మేత బీడులో, మంచు పట్టిన గడ్డి మీద గొర్రెలన్నీ ఒక మూలకి నొక్కుకుని ఉన్నాయి. ఇటుపక్క పందులు. ఐదో ఆరో. నల్లగా, తొందరేమీ లేకుండా, మనవాళ్ళు పెళ్ళి పందిట్లో బంతికి కూర్చున్నంత నిదానంగా ఉన్నాయి.

మోకాలు నేలకానించి జేబులో చెయ్యి పెట్టాను. చేతికొచ్చింది గొర్రె గిట్టలు కత్తిరించే కత్తెర.

అప్పుడు వెలిగింది. శనివారం, కోటు, చంటిపిల్లలు, ఇంట్లో ఎక్కడో. ముప్పై కిలోమీటర్ల అవతల.

నడుముకి బాస్‌తో మాట్లాడే రేడియో ఉంది. "బాస్, పందులు. డ్యాము ప్యాడక్‌లో."

"కొట్టు మరి!"

ఇప్పుడే నేను నిజం చెప్పాల్సింది. మ్యాగజైన్ ఇంట్లో మరిచిపోయాను అంటే ఐపోయేది. షాపులో ఎత్తిన గడ్డం అడ్డొచ్చింది. "బాస్, మ్యాగజైన్ షెడ్డులో ఉండిపోయినట్టుంది," అన్నాను.

"కదలకు, తెచ్చిస్తా. రెండు నిమిషాలు."

రెండు నిమిషాలు పది అయ్యాయి. ఇరవై అయ్యాయి. ఆ ముసలాయన ఒక చెయ్యి మెడకి కట్టుకుని, లేని వస్తువు కోసం షెడ్డు వెతుకుతున్నాడు. నేను అక్కడ పడున్న దాణా బకెట్టుని కత్తెరతో కొడుతూ, అరుస్తూ పరుగెత్తాను. పందులు నాలుగడుగులు పక్కకి జరిగి, నేను ఆయాసంతో ఆగగానే మళ్ళీ వచ్చాయి. ఒక తల్లి గొర్రె తన పిల్లకి అడ్డంగా నిలబడి కాలితో నేల కొడుతోంది. నేనొకవైపు, అదొకవైపు. అది నాకంటే ధైర్యంగా ఉంది.

రేడియో పలికింది. "మేట్, ఇక్కడ లేదు. సరే, వినూ. బోల్టు వెనక్కి లాగు. ఒక్క తూటా చేత్తో లోపల పెట్టు. బోల్టు ముయ్యి. కాల్చు."

"మ్యాగజైన్ లేకుండా పేలుతుందా బాస్?"

"పేలుతుంది. ఒక్కోటి పెట్టుకోవాలి, అంతే."

పేలింది. పందికి తగల్లేదు. డ్యాము కట్టకి తగిలి బురద లేచింది. ఆ చప్పుడికి పందులన్నీ కంచె సందులోంచి పారిపోయాయి. మూడు పిల్లలు పోయాయి. కాలితో నేల కొట్టిన ఆ తల్లి గొర్రె కన్న పిల్ల వాటిలో ఒకటి. మధ్యాహ్నం దాకా ఆ తల్లి ప్యాడక్ అంతా తిరిగి పిలుస్తూనే ఉంది.

మ్యాగజైన్ అంత దూరాన ఉందని తెలిసుంటే బాస్ ఆ చేత్తో పెట్టే మాట మొదటి నిమిషంలోనే చెప్పేవాడు. షెడ్డు దగ్గరే కదా అని తేవడానికి పోయాడు. నేను పంపితే పోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చపాతీల డబ్బా అడుగున అప్పటినుంచీ పడున్న మా ఆయన కాగితం తీసి, నూనె మరకల మధ్య పదకొండో పాయింటు చదివాను. మ్యాగజైన్ పోయినా సాధారణంగా ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చవచ్చు, మీ రైఫిల్‌కి కుదురుతుందో లేదో షాపులో అడగండి అని ఉంది.

"చెప్పానా లేదా, అసలైంది చివర్లో ఉందని?" అన్నారాయన.

"అసలైంది ముందు రాయరెందుకండీ?"

"థీసిస్‌లు అట్లాగే రాస్తారు."

అందుకే అవి ఎప్పటికీ అవ్వవు అని నోటిదాకా వచ్చింది, మింగాను.

పందుల సంగతి అక్కడితో పోయింది గానీ, అసలు శిక్ష మర్నాడు మొదలైంది. నేను వెళ్ళేసరికి బాస్ షెడ్డులో ఒంటిచేత్తో డబ్బాలన్నీ దించి నేల మీద పరిచాడు. "శనివారం నేనే ఇక్కడ ఊడ్చాను," అన్నాడు. "నేనే ఎక్కడో పెట్టుంటాను. గుర్తు రావట్లేదు మేట్."

నేను నోరు తెరిచాను. "మా నాన్నకి ఇట్లాగే మొదలైంది," అన్నాడాయన. "ముందు తాళాలు, తర్వాత మా పేర్లు." నేను నోరు మూశాను.

ఎందుకు మూశానని అడుగుతారు మీరు. ఎంత ఆలస్యమైతే అంత చెప్పలేం. మొదటిరోజు చెబితే మతిమరుపు, మూడోరోజు చెబితే అబద్ధం, పదోరోజు చెబితే ఏమంటారో కూడా నాకు తెలియలేదు. ఆయన రోజూ టీ తాగాక ఆ షెడ్డులోకి పోయి వెతికేవాడు. కొత్త మ్యాగజైన్ తెప్పించాడు. అయినా వెతికేవాడు. ఒకరోజు నా పేరు పిలవబోయి ఒక్క క్షణం ఆగాడు. గొంతులో ఏదో అడ్డుపడిందంతే, దగ్గాడు. కానీ దగ్గి నా మొహంలోకి భయంగా చూశాడు.

ఇటు నేనూ మా ఇల్లంతా తిరగేశాను. సొరుగులు, పరుపుకింద, మా ఆయన గోధుమ గింజల కవర్లు. చుట్టాల పెళ్ళిలో చెడిన కూరలన్నీ గుర్తున్న బుర్రకి ఆ ఒక్క చోటు తట్టలేదు.

మూడో వారం శనివారం అన్నం వండుదామని బియ్యం డబ్బాలో గ్లాసు ముంచాను. ఠంగుమంది.

మా అమ్మకి దాచడమంటే ఒకటే చోటు. గొలుసూ బియ్యంలోనే, బీరువా తాళమూ బియ్యంలోనే, నా పదో తరగతి హాల్ టికెట్టూ బియ్యంలోనే. చేతులు చారు దించుతుంటే, బుర్ర కార్లు లెక్కపెడుతుంటే, మా అమ్మ నాలోంచి లేచి ఆ మ్యాగజైన్‌ని తీసుకెళ్ళి బియ్యంలో పాతిపెట్టింది. ఆదివారం మా ఆయన కొత్త బస్తా తెచ్చి డబ్బా నిండా పోశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నేను అడక్కుండా చేసిన ఇంటిపని అదొక్కటే.

దాన్ని బల్ల మీద పెట్టుకుని ఇద్దరం చూశాం. తెల్లటి పిండి పట్టి ఉంది.

"ఇందులో అంత ఆలోచించేదేముంది?" అన్నారాయన మెల్లగా. "తుడిచి, షెడ్డులో ఓ మూల పడేసిరా. ఆయనే చూసుకుంటాడు. నువ్వు చెప్పిందే నిజమైపోద్ది."

"ఆయనకి దొరికితే ఏమనుకుంటాడండీ? నేనిక్కడే పెట్టి మరిచిపోయాననేగా?"

ఆయన బియ్యం డబ్బాకి మూత పెట్టారు.

"సచ్చేదాకా అదే అనుకుంటాడు," అన్నాను.

ఆయన లేచి కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "తుడవమాక. అట్లాగే తీసుకుపో," అన్నారు.

బాస్ వరండాలో ఉన్నాడు. బల్ల మీద మ్యాగజైన్ పెట్టాను. సందుల్లోంచి నాలుగు బియ్యపు గింజలు రాలాయి. నా ఇంగ్లీషు ఆ రోజు ఇంకా పాడైంది. రైస్, మదర్, బేబీస్, చారు, అన్నీ కలిపి చెప్పాను. షెడ్డులో లేదని నాకు మొదటినుంచీ తెలుసన్నది మాత్రం విడిగా, నెమ్మదిగా చెప్పాను.

ఆయన ఒక గింజని వేలితో అటూ ఇటూ జరిపాడు. "అయితే నాకు మతి పోలేదా?"

"లేదు బాస్. పోయింది నాకు."

నవ్వాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఇక గండం గడిచిందని నేనూ నవ్వబోయాను. అప్పుడు ఆపాడు. "పెట్టె పోతే పోయింది. మూడు వారాలు నన్ను ఆ షెడ్డులో వెతకనిచ్చావు చూడు," అన్నాడు. చెయ్యి చాచాడు. మెడలోంచి బీరువా తాళంచెవి తీసి ఇచ్చాను.

ఆ చలికాలం మిగతా రోజులు నేను బకెట్టూ కత్తెరా పట్టుకుని పందుల్ని తరిమాను. కొత్త మ్యాగజైన్ ఉంది, రైఫిల్ ఉంది, తాళంచెవి లేదు. బాస్ నన్ను పనిలోంచి తియ్యలేదు, మాట తగ్గించలేదు, టీ కూడా ఎప్పటిలాగే తనే కాచి ఇచ్చేవాడు. అందుకే మరీ కష్టంగా ఉండేది.

మరుసటి ఏడు గొర్రెలు ఈనే ముందు నేనే అన్నాను. "బాస్, ఈసారి మీరన్న లోపలుండేదే కొనండి. ఊడొస్తేనే కదా నేను దాచేది."

"అక్కర్లేదు. కంచెల దగ్గర ఇదే మంచిది. నువ్వు ఎంచుకున్నది సరైనదే," అన్నాడు. చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీదినుంచి నావైపు జరిపాడు.

మర్నాడు పొద్దున నేను ప్యాడక్ గేటు చేరగానే రేడియో గరగరమంది. "గాట్ యువర్ రైస్?"

రైస్ అంటే మ్యాగజైనని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. జేబులోంచి మ్యాగజైన్ బయటికి తీసి, కళ్ళతో చూసి, అప్పుడు చెప్పాను. "గాట్ మై రైస్, బాస్."

అప్పటినుంచి నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ పొద్దున్నే అదే ప్రశ్న, అదే జవాబు. మా ఆయన పీహెచ్‌డీ అయింది, అక్కడే ఉద్యోగమొచ్చింది, పిల్ల పెద్దదై సిడ్నీ వెళ్ళింది. నాకు గురి మాత్రం కుదరలేదు. ఆ డ్యాము కట్టలో ఎన్ని తూటాల సీసముందో నాకూ ఆ మట్టికీ తెలుసు. ఒక్కోరోజు మ్యాగజైన్ బీరువాలోనే మరిచిపోయేదాన్ని. రేడియోలో "లేదు బాస్" అనేదాన్ని. "సరే, వెనక్కి పో," అనేవాడు. అంతే. నాలుగు నిమిషాల పని.

నా చివరి రోజున రైఫిల్ బీరువాలో పెట్టి, మ్యాగజైన్ దాని పక్కనే పెట్టి, తాళంచెవి ఆయన చేతికిచ్చాను. అప్పటికి ఆయనకి తొంభైకి దగ్గర. భుజాలు రెండూ వంగిపోయాయి, పేర్లన్నీ గుర్తున్నాయి. కారెక్కే ముందు గొర్రెల్ని ఒకసారి చూసొస్తానని నడిచాను. గేటు చేరానో లేదో నడుము దగ్గర రేడియో గరగరమంది.

"గాట్ యువర్ రైస్?"

చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. బరువుగా ఏదో తగిలింది. బయటికి తీసి చూశాను.

"లేదు బాస్," అన్నాను. "కత్తెర ఒక్కటే ఉంది."